గొలుసు వంతు

పోతమ్మ ఉదయం ఏడింటికి చేపల గంప దించగానే చేసే మొదటి పని, మూసి ఉన్న టికెట్టు కిటికీ మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టడం.

"సుబాకరు బాబూ, బండెంత లేటు?"

కిటికీ వెనక ఎవరూ ఉండరు. ఆ గది తలుపుకి తాళం ఉంది, తాళానికి తుప్పు ఉంది. జవాబు మాత్రం పక్కనున్న టీ బడ్డీలోంచి వస్తుంది.

"గంటన్నర పిన్నీ! ఎనక టేసన్లో ఆపీసినారు."

ఐదేళ్ళుగా ఆ బండి గంటన్నర లేటులోనే ఉంది. జవాబు విన్నాక పోతమ్మ తడిచేత్తో కిటికీ కింద గోడలో దిగేసి ఉన్న గొలుసమ్మను తాకి కళ్ళకద్దుకుంటుంది. గొలుసమ్మంటే జానెడు ఇనపముక్క. పసుపు మీద పసుపు, కుంకుమ మీద కుంకుమ పట్టి అది ఏ ఆకారమో ఎవరికీ తెలియకుండా పోయింది. కళ్ళకద్దుకున్నాక పోతమ్మ నడుం వంచి, పసుపు ఎక్కడైనా ఊడిందేమోనని నాలుగువైపులా చూస్తుంది. ఆ చూడడాన్ని అందరూ భక్తి అనుకుంటారు.

ఇది గాజువాక దాటాక వచ్చే తెప్పలపాలెం హాల్టు. ఒక ప్లాట్‌ఫారం, సిమెంటు రేకుల షెడ్డు, ఒక గది, ఆ గదికి చెయ్యి పట్టేంత కిటికీ. కరోనా రోజుల్లో ఇక్కడి ప్యాసింజరును 'తాత్కాలికంగా' రద్దు చేస్తున్నట్టు ఒక కాగితం అంటించారు. కాగితం చిరిగి ఎగిరిపోయింది. తాత్కాలికం మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు బొగ్గు గూడ్సులు పోతాయి. అవి ఎవరికోసమూ ఆగవు.

బండి ఉన్న రోజుల్లో శుభాకర్ ఇక్కడ టికెట్టు ఏజెంటు. పెద్ద స్టేషను నుంచి టికెట్లు తెచ్చి కిటికీలోంచి అమ్మేవాడు. రైల్వే ఉద్యోగి కాడు గనుక బండి పోయినప్పుడు అతన్ని ఎవరూ తీసెయ్యలేదు. అదే కారణాన ఎవరూ ఎక్కడికీ బదిలీ కూడా చెయ్యలేదు. కిటికీ లోపలినుంచి బయటికి వచ్చి టీ పెట్టుకున్నాడు. ప్రయాణికులకు చెప్పవలసిన ఆలస్యాలన్నీ ఇప్పుడు పోతమ్మ ఒక్కదానికే చెబుతాడు.

బండి పోయినా పోతమ్మ పోలేదు. ఒకప్పుడు గంప నెత్తిన పెట్టుకుని అనకాపల్లి వీధులన్నీ తిరిగిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు నాలుగు మెట్లకే మొరాయిస్తున్నాయి. రోడ్డు పక్కన కూర్చుంటే ట్రాఫిక్ వాళ్ళు లేవమంటారు, మార్కెట్లో కూర్చుందామంటే చోట్లన్నీ ఎవరివో. ఈ కిటికీ కింద నీడ ఉంది, గాలి ఉంది, వెనక్కి ఆనుకోవడానికి గోడ ఉంది. పైగా చుట్టుపక్కల నాలుగు కాలనీల్లో 'టికెట్టు కిటికీ పోతమ్మ దగ్గర తెచ్చాం' అంటే చేప మంచిదా కాదా అని ఎవరూ ఆరా తీయరు. ఆమెకు ఈ లోకంలో ఖాయంగా ఉన్న చోటు ఆ నాలుగడుగులే.

ఆ నాలుగడుగుల మీదికీ గురునాథరావుగారు వచ్చారు.

గురునాథరావుగారు ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా రిటైరై, ప్లాట్‌ఫారం ఎదురుగా లేచిన ఓషన్ వ్యూ టవర్స్‌లో మూడో అంతస్తు కొనుక్కున్నారు. ఓషన్ చూడాలంటే డాబా మీదున్న నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. హాల్టు మాత్రం బాల్కనీలోంచే కనిపిస్తుంది. ముప్పై నాలుగేళ్ళు రోజూ సంతకాలు పెట్టిన చెయ్యి, పెట్టడానికి కాగితం లేక జివజివలాడుతున్న రోజుల్లో ఆయన దృష్టి ఆ పాడుపడ్డ హాల్టు మీద పడింది. వారం తిరక్కుండా 'తెప్పలపాలెం రైల్వే వారసత్వ పరిరక్షణ సమితి' ఏర్పడింది. అధ్యక్షుడు ఆయన, కార్యదర్శి ఆయన. వాట్సాప్ గ్రూపులోంచి బయటికి పోవడానికి మొహమాటపడ్డ వాళ్ళందరూ సభ్యులు.

సమితికి మొదట కావలసింది చరిత్ర. అది ఆయనే రాశారు. 1893లో తెల్లదొరల హయాంలో ఈ స్టేషను వెలసిందనీ, దొరసానులు సముద్రపు గాలి కోసం ఇక్కడ దిగి సేదతీరేవారనీ రాశారు. 1893 ఎందుకంటే, పందొమ్మిది వందలకంటే ముందుగా ఉంటే గౌరవంగా ఉంటుంది, మరీ ముందుకు పోతే రుజువులు అడుగుతారు. అది ఫ్లెక్సీ కట్టించిన రోజున శుభాకర్ టీ గ్లాసు అందిస్తూ అడిగాడు:

"దొరసానులు ఈ సిమెంటు రేకుల కిందే కూకునేవోరాండి?"

"రేకులు తరవాత వేసుంటారయ్యా. చరిత్రలో మార్పులు చేర్పులు ఉంటాయి."

"గోడలు కూడా తరవాత కట్టినవేనండి. మేస్త్రీ మా ఈదోడే."

"మీకు గుర్తుండదు" అన్నారు గురునాథరావుగారు, గుర్తుండడం కూడా ఒక అర్హత అన్నట్టు. "రికార్డుల్లో చూడాలి. ఆ రికార్డులు తుపానులో తడిసిపోయాయట. అంటే కాదనడానికి ఆధారం లేదు కదా!"

అవుననడానికి ఆధారం మాత్రం ఆయనకు మర్నాడే దొరికింది. కిటికీ కింద గొలుసమ్మను చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసి, ఫోనుతో పదకొండు ఫొటోలు తీశారు. సాయంత్రానికల్లా గ్రూపులో వచ్చింది: 'శతాబ్దాల నాటి అరుదైన లోహ విగ్రహం లభ్యం. గోడలో ప్రతిష్ఠ జరిగిన తీరును బట్టి స్టేషనుకంటే పురాతనమైనది కావచ్చు.' గోడకంటే ముందు గోడలోకి విగ్రహం ఎలా దిగిందని ఎవరూ అడగలేదు. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

ఆ మర్నాడు ఆయన పోతమ్మ ముందుకు వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

"ఏమమ్మా, ఇరవయ్యో తారీకున రైల్వే అధికారి వస్తున్నారు. ఆయన సరేనంటే దీన్ని వారసత్వ కేంద్రం చేస్తాం. పూలకుండీలు, బెంచీలు, ఫౌంటెను. మీరు ఈలోగా వేరే చోటు చూసుకోవాలి."

"ఏటి బాబూ, నానేటి సేసినాను?"

"మీరేం చెయ్యలేదమ్మా. చేపలే. వారసత్వానికి వాసన ఉండకూడదు."

ఆయన వెళ్ళాక పోతమ్మ చాలాసేపు కత్తిపీట మీద చెయ్యి వెయ్యలేదు. బేరానికొచ్చిన ఇద్దరు చూసి చూసి వెళ్ళిపోయారు. చివరికి టీ బడ్డీ వైపు తిరిగింది.

"సుబాకరు బాబూ, ఈ వారసత్వమంటే ఏటి?"

"పాతదవ్వాల పిన్నీ. నూరేళ్ళు దాటాల. దాటిందని ఆఫీసరు ఒప్పుకుంటే మనందరం ఎత్తీడమే. నా బడ్డీ కూడా."

"మరిది నూరేళ్ళది కాదు కదేటి?"

"కాదని నీకు తెల్సు, నాకు తెల్సు. మన మాటెవడింటాడు? ఆయన కాడ గొలుసమ్మ ఉంది. అమ్మోరు నూరేళ్ళదని తేలితే టేసను కూడా నూరేళ్ళదే."

గొలుసమ్మ ఎన్నేళ్ళదో పోతమ్మకు తెలుసు. ఆమెకూ, తెప్పలపాలెంలో ఇంకా బతికున్న మహాలక్ష్మమ్మకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

నలభై రెండేళ్ళ కిందట తెప్పలపాలెంలో హాల్టు లేదు. ఒక వంపూ, మొగలి పొదలూ ఉండేవి. పొద్దున్నే ప్యాసింజరు ఆ వంపు తిరిగి అనకాపల్లి పోయేది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ చేపలు అమ్మవలసింది అక్కడే. బండి ఎక్కాలంటే రెండు కోసులు వెనక్కి, వేరే స్టేషనుకి నడవాలి. గంపలు నెత్తిన పెట్టుకుని అంతదూరం నడిచేసరికి చేప మెత్తబడేది. బండేమో వాళ్ళ కళ్ళముందే, చెయ్యి చాపితే అందేట్టు, ఖాళీ పెట్టెలు వేసుకుని దాటిపోయేది.

ఒకరోజు పెట్టెలో ఒక మాస్టారు గొలుసు పక్కనున్న బోర్డును పైకి చదివారు. 'రైలును ఆపుటకు గొలుసును లాగుము.' కింద ఇంకా రెండు వరుసలున్నాయి. అవి చదివేలోపు మాస్టారి స్టేషను వచ్చింది, ఆయన దిగిపోయారు. ఆడవాళ్ళకు ఆ ఒక్క వరుస చాలు. ఆపాలంటే లాగమని రైలువాళ్ళే రాసిపెట్టారు. ఇన్నాళ్ళూ తమకు చదువు రాక, లాగలేదు!

అలా గొలుసు వంతు మొదలైంది. రోజుకొకరు ఉత్త చేతులతో వెనక స్టేషనుకి నడిచి, టికెట్టు కొనుక్కుని బండెక్కి, వంపు దగ్గరికి రాగానే గొలుసు లాగాలి. మిగతావాళ్ళు గంపలతో మొగలి పొదల దగ్గర సిద్ధంగా ఉంటారు. లాగినావిడ గంపను వాళ్ళే ఎక్కిస్తారు. వంతుకు కట్టుబాట్లుండేవి. కడుపుతో ఉన్నవాళ్ళకు వంతు లేదు, ఇంట్లో చావు జరిగితే పదకొండు రోజులు లేదు, వంతు తప్పినవాళ్ళు తిరుగు బండికి కూడా లాగాలి. బోర్డులో మిగిలిన రెండు వరుసల్లో జైలుశిక్ష ఉందని గార్డు చెప్పేనాటికి వంతు మూడు చుట్లు తిరిగింది. అప్పుడు మానేస్తే, లాగిన వాళ్ళకు అన్యాయం చేసినట్టవుతుంది.

గార్డు రోజూ దిగి వచ్చేవాడు.

"ఎవరు లాగింది?"

"గాలికి లాక్కుపోనాది బాబూ."

"రోజూ ఇక్కడే లాక్కుపోతుందా గాలికి?"

"ఇక్కడ గాలెక్కువ కదేటి బాబూ, సముద్దరం పక్కన!"

పోతమ్మకు అప్పుడు పాతికేళ్ళు. ఆమె వంతు వచ్చిన ఒక మంగళవారం వంపు కనిపించగానే లేచి, రెండు చేతులా లాగింది. అంతమంది ఆడవాళ్ళు అన్నాళ్ళు లాగిన గొలుసు అది. బండి ఆగింది. పిడి ఊడి పోతమ్మ చేతిలోకి వచ్చింది.

ఎర్రరంగు పిడి. చేతిలో అది, బయట గార్డు బూట్ల చప్పుడు. పోతమ్మ అప్పుడే పైకొచ్చిన తన గంపలోకి, కవ్వళ్ళ చేపల కిందికి, దాన్ని తోసేసింది. గార్డు వెంట ఆరోజు ఒక పెద్ద ఆఫీసరు కూడా ఉన్నాడు. పెట్టంతా వెతికారు. మూటలు విప్పించారు. గార్డు చేప ముట్టని మనిషి. గంపల దగ్గరికి వచ్చేసరికి దూరంనుంచే చూసి, "ఇందులో ఏముంటుంది" అని వెళ్ళిపోయాడు. పిడి ఊడిన గొలుసును చూసి ఆఫీసరు చాలాసేపు ఆలోచించాడు. రోజూ ఆగే చోట ఆగడాన్ని ఎలాగూ ఆపలేం గనుక, ఆగడానికి అనుమతి ఇస్తే మర్యాదగా ఉంటుందని పైకి రాశాడు. ఆ ఏడాదే హాల్టు మంజూరైంది.

అన్నాళ్ళూ పిడి పోతమ్మ గంపలోనే, గోనె కింద తిరిగింది. దాన్ని ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు. ఇంట్లో ఉంటే సోదా చేస్తారు. సముద్రంలో పారేస్తే ఎవరి వలలోనో పైకొస్తుంది. ఆమె పెనిమిటి సింహాద్రి తెప్ప బాగులేక, అప్పుడు హాల్టు కట్టుబడిలో కూలికి పోతున్నాడు. మేస్త్రీ భోజనానికి వెళ్ళిన మధ్యాహ్నం ఆ పిడిని కిటికీ కింద పచ్చి సిమెంటులో సగందాకా దిగేశాడు. "రైలోల్ల వస్తువు రైలోల్ల గోడలోనే ఉంది. దొంగతనమెలగవుతాది?" అన్నాడు. ఎర్రరంగు కనబడకుండా పోతమ్మ పసుపు పూసింది. మర్నాటికి ఎవరో కుంకుమ పెట్టారు. మొదటి బండి ఆగిన రోజున కొబ్బరికాయలు కొట్టారు. గొలుసు లాగితే వచ్చిన హాల్టు గనుక, గొలుసమ్మ పేరుతో దేవత వెలిసింది.

తరవాత సింహాద్రి పోయాడు, గార్డులు మారారు, వంతుకు వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. పోతమ్మ భయం మాత్రం పోలేదు. ఖాకీ చొక్కా కనిపిస్తే ఇప్పటికీ గంప మీద గోనె కప్పుతుంది. రోజూ ఉదయం వంగి చూసేది ఎరుపు బయటపడిందేమోనని. మరి కళ్ళకద్దుకోవడం ఎందుకంటే, నలభై రెండేళ్ళు రోజూ తాకిన దాని మీద మనసు పడకుండా ఉండదు.

పందొమ్మిదో తారీకు సాయంత్రం ఆమె మహాలక్ష్మమ్మ ఇంటికి వెళ్ళింది. మహాలక్ష్మమ్మ మంచంలో లేచి కూర్చుంది.

"ఓలే పోతీ, నీకేటి మతి పోనాదా? ఆఫీసరు ముందు సెప్తావా? జైల్లో ఎట్టీస్తారే!"

"జైల్లో కూకోడానికి సోటుంటాది కదప్పా. ఈలు ఎత్తీత్తే నాకు కూకోడానికి సోటేదీ?"

"నోర్మూసుకుని ఊరుకో. వంతు నీ ఒక్కదానిదేటి? ఊరందరిదీ."

"పిడి నా సేతిలోకొచ్చినాది" అంది పోతమ్మ.

ఇరవయ్యో తారీకున ప్లాట్‌ఫారం మీద షామియానా వేశారు. గొలుసమ్మకు పట్టుగుడ్డ చుట్టారు. ఎదురుగా కుర్చీలో రైల్వే అధికారి కూర్చున్నాడు. నలభై ఏళ్ళవాడు, నిద్ర చాలని కళ్ళు. గురునాథరావుగారు మైకు పట్టుకుని దొరసానుల దగ్గరనుంచి మొదలుపెట్టారు. వాళ్ళ గొడుగులు ఏ రంగువో కూడా ఈసారి చెప్పారు. చేపలవాళ్ళెవరూ రాకూడదని ముందే చాటించారు గనుక, సభ సెంటు వాసన వేస్తోంది.

"ఈ లోహమూర్తి కాలాన్ని నిర్ణయించడం మన తరం కాదు" అంటూ ఆయన పట్టుగుడ్డ తొలగించబోయారు.

ఆ సమయంలో టక్ టక్ అని రెండు చప్పుళ్ళు వినిపించాయి. గంప చంకన పెట్టుకుని పోతమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"సుబాకరు బాబూ, బండెంత లేటు?"

అందరికీ టీలు పంచుతున్న శుభాకర్ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అలవాటు కొద్దీ నోరు దానంతటదే కదిలింది. "గంటన్నర పిన్నీ."

"అయితే సెప్పడానికి టైముంది" అంది పోతమ్మ, అధికారి వైపు తిరిగి. "బాబూ, అది అమ్మోరు కాదు. మీ రైలు గొలుసు పిడి. నానే లాగినాను. ఊడిపోతే దాసీసినాను. ఎనబై మూడులో."

సభలో ఎవరో నవ్వారు. గురునాథరావుగారు మైకును చేత్తో మూశారు గానీ సరిగ్గా మూయలేదు. "పెద్దావిడ సార్, మతిస్థిమితం..." అన్న మాట నాలుగు స్పీకర్లలో వినిపించింది.

"మతి లేకపోతే వంతు ఎలగ గుర్తుంటాది బాబూ? సోమారం మాలచ్చమ్మది, మంగలారం నాది" అంది పోతమ్మ. తరవాత కత్తిపీట ముందు కాక, గొలుసమ్మ ముందు కూర్చుంది. పట్టుగుడ్డ పక్కకు లాగి, చేప పొలుసు గీకే చాకు తీసింది. ఒక్క క్షణం ఆగి, చేతులు జోడించింది. "తల్లీ, తప్పయిపోనాది" అని, గీకడం మొదలుపెట్టింది.

నలభై రెండేళ్ళ పసుపు పెచ్చులుగా రాలింది. మొదట నలుపు కనిపించింది, ఆ కింద ఎరుపు. అధికారి కుర్చీలోంచి లేచి వచ్చి, వంగి, వేలితో తడిమి చూశాడు. నిద్ర వదిలింది.

"అలారం చైన్ పిడే ఇది" అన్నాడు. "పాత పెట్టెలది. నేను ఉద్యోగంలో చేరేనాటికే ఇవి పోయాయి."

"సార్, 1893లో కూడా..." అన్నారు గురునాథరావుగారు.

"దొరసానులు లాగారంటారా?" అన్నాడు అధికారి.

శుభాకర్ పళ్ళెంలో గ్లాసులు గలగలమన్నాయి. ఆ తరవాత ఎవరూ నవ్వకుండా ఉండలేకపోయారు.

పోతమ్మ మాత్రం నవ్వలేదు. రెండు చేతులూ కలిపి ముందుకు చాపింది, బేడీలకి. అధికారి ఆ చేతుల వంక చూసి, జేబులోంచి పెన్ను తీశాడు. కేసు రాయాలంటే బండి నంబరు, పెట్టె నంబరు, గార్డు వాంగ్మూలం కావాలి. ఆ పెట్టె ఏనాడో తుక్కయి ఉంటుంది. పిడిని స్వాధీనం చేసుకోవాలంటే ఈ స్టేషను మాస్టరు సంతకం కావాలి. హాల్టుకి మాస్టరు ఉండడు. ఏజెంటు సంతకం చేయవచ్చునేమో గానీ, ఏజెంటు ఇప్పుడు టీ అమ్ముతున్నాడు. అధికారి పెన్ను మూత పెట్టేశాడు.

"మామ్మా, ఇది ఎక్కడుందో అక్కడే ఉండనియ్యండి. మీరు కూడా" అన్నాడు. తరవాత తన కాగితం మీద ఒకే వాక్యం రాసుకున్నాడు: నిర్మాణం వయసు వారసత్వ హోదాకు చాలదు. వెళ్ళబోతూ గంప వైపు చూశాడు. "వంజరం ఉందా?"

"ఉంది బాబూ. ముక్కలు సేసీమంటారా?" అంది పోతమ్మ. ముక్కలన్నీ ఒక్క తీరుగా కోసింది.

సమితి రద్దు కాలేదు. గురునాథరావుగారు అంత తేలిగ్గా ఊరుకునే మనిషి కారు. పదిహేను రోజుల్లో దాని పేరు 'తెప్పలపాలెం మహిళా చైతన్య చరిత్ర సమితి' అయింది. గొలుసు లాగి స్టేషను సాధించిన ధీరవనిత అని పోతమ్మకు సన్మానం చేసి, శాలువా కప్పారు. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునే కప్పారు. ఫ్లెక్సీలో 1893 మీద 1983 అని కాగితం అంటించారు. మొదటి వానకు ఆ కాగితం ఊడిపోయింది, దొరసానులు మళ్ళీ వచ్చారు.

గొలుసమ్మకు మళ్ళీ పసుపు పట్టింది. అది రైలు పిడి అని తెలిశాక పూజలు తగ్గుతాయనుకున్నారు. పెరిగాయి. నిలబెట్టవలసింది నిలబెడుతుందనీ, కదిలించవలసింది కదిలిస్తుందనీ టవర్స్‌లోవాళ్ళు కూడా మొక్కుకుంటున్నారు. అక్కడి లిఫ్టు మూడో అంతస్తు దగ్గర ఆగిపోయినప్పుడల్లా ఒక కొబ్బరికాయ అదనంగా పడుతుంది. అది గురునాథరావుగారి అంతస్తే. ఆ కొబ్బరికాయ ఎవరు పంపుతారో శుభాకర్‌కు తెలుసు, చెప్పడు.

శాలువా చేపల మీద కప్పడానికి గోనెకంటే బాగుంది. ఖాకీ చొక్కా కనబడినా ఇప్పుడు దాన్ని లాగి సర్దడం లేదు. ఉదయాన్నే కిటికీ మీద కొట్టడం, ఆలస్యం అడగడం, గొలుసమ్మను తాకి కళ్ళకద్దుకోవడం మామూలే. నడుం వంచి చూడడం మాత్రం మానేసింది.

పోతమ్మకిప్పుడు అరవై ఏడేళ్ళు. సముద్రంలో వేట నిషేధం ఉండే రెండు నెలలు తప్ప, ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా ఆ టికెట్టు కిటికీ కిందే కూర్చుని చేపలమ్ముతుంది.